షుగర్ సెన్సర్‌ను కారు స్పీకర్‌కు కలపడం

పురుగుమందుల సేల్స్ నా పని. వారంలో నాలుగు రోజులు కర్నూలు నుంచి డోన్, గుత్తి, పామిడి మీదుగా అనంతపురం దాకా 44వ నంబర్ హైవే మీదే బతుకు. పదకొండేళ్ళుగా ఇన్సులిన్ పొడుచుకుంటున్నా, జబ్బకు షుగర్‌ను ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్ ఉంది. బండి నడుపుతుండగా దాని రీడింగులు కారు స్పీకర్‌లో వినపడాలని నా తంటా.

సెన్సర్ కారుతో నేరుగా మాట్లాడదు. సెన్సర్ నుంచి ఫోన్‌కు ఒక బ్లూటూత్, ఫోన్ నుంచి కారుకు ఇంకొకటి. 2011లోనే కార్ల కంపెనీ ఫోర్డ్, వైద్య పరికరాల కంపెనీ మెడ్‌ట్రానిక్ కలిసి గ్లూకోజ్ మానిటర్‌ను కారులోని సింక్ అనే వాయిస్ సిస్టమ్‌కు కలిపే ప్రయోగం చూపించినాయి గానీ, అది నా బండిదాకా రాలేదు. కాబట్టి మనం సరిచేసుకోవాల్సింది ఫోన్‌నే.

సెన్సర్ యాప్‌కు బ్యాటరీ సెట్టింగ్‌లో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఇవ్వండి, లేకుంటే ఫోనే దాన్ని నిద్రపుచ్చుతుంది. డు నాట్ డిస్టర్బ్ ఉన్నా అలారమ్ మోగేలా అనుమతి ఇవ్వండి. డ్రైవింగ్ మోడ్ దానంతటదే ఆన్ అయి అలారమ్‌ను ఆపేస్తుందేమో చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌డ్రిప్ యాప్ మీ సెన్సర్‌ను అందుకోగలిగితే, రీడింగులను పైకి చదివే సెట్టింగ్ దాంట్లో ఉంది. స్క్రీన్ మీద అంకె చూడటం కన్నా నాకు చెవే నయం. లారీల మధ్య ఆ అంకె వెతకడమెందుకు?

నేను దెబ్బతిన్నది ఇక్కడే. పెన్‌డ్రైవ్‌లో పాటలు పెట్టుకుని పోతున్నా. ఫోన్ రీడింగును బ్లూటూత్‌కు పంపింది, కారేమో యూఎస్‌బీ మోడ్‌లో ఉంది. చదివింది ఎవరికీ వినపడలేదు. గుత్తి దాటినాక చెయ్యి వణికితే గానీ తెలియలేదు, అప్పటికి షుగర్ 64 mg/dLకి పడిపోయింది. అప్పటినుంచి పాటలు కూడా ఫోన్ నుంచే. యాప్‌లో మోగే అలారమ్ ఫోన్ స్పీకర్‌లో వస్తుందా, కారులోనా అన్నది బండి ఆపి తేల్చుకోండి. భోంచేసినాక రీడింగు పెరిగినప్పుడు హై అలారమ్‌ను 120కి దించండి, కాసేపట్లో మోగుతుంది. విన్నాక మళ్ళీ పెంచేయడం మర్చిపోవద్దు.

బ్రిటన్ డ్రైవర్ల నియమాన్నే నేను పాటిస్తా. 90 లేదా అంతకన్నా తక్కువుంటే ఏదైనా తిని తర్వాతే బయల్దేరతా. 72 కన్నా తక్కువైతే బండి తీయను. తిని 90కి చేరినాక కూడా 45 నిమిషాలు ఆగుతా. షుగర్ ఎటు పోతోందో యాప్‌లో చూపే బాణం కిందికి ఉన్న 100 కన్నా నిలకడగా ఉన్న 95 మేలు. సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది నీటిని, కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఒళ్ళు తేడాగా ఉంటే అంకెను నమ్మక, బండి పక్కకు తీసి వేలు గుచ్చి చూడండి.

మన ఎండకు డాష్‌బోర్డ్ మీది ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది, అలారమ్ కూడా దాంతోనే పోతుంది. ఏసీ గాలి తగిలే హోల్డర్‌లో పెట్టండి. ఇన్సులిన్ పెన్ను కారులో వదలొద్దు. గ్లోవ్ బాక్సులో చాక్లెట్ కరిగిపోతుంది. గ్లూకోజ్ పొడి, నీళ్ళ సీసా చాలు: షుగర్ పడితే 15 గ్రాములు, అంటే మూడు టీ చెంచాలు కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోండి. డోన్‌లో ఉగ్గాని బజ్జీ వాసన ఎంత లాగినా, షుగర్ పడినప్పుడు అది పనికిరాదు. నూనె ఉన్న తిండి నెమ్మదిగా ఎక్కుతుంది.