ఇంగ్లీషులో ఏ నామవాచకానికి 'ఎస్' చేర్చాలి, దేనికి చేర్చకూడదు

డబ్బు లెక్కపెడతాం. అయినా ఇంగ్లీషులో 'మనీ' అన్‌కౌంటబుల్, అంటే లెక్కకు రాని, 'ఎస్' చేర్చకూడని మాట. చిక్కంతా ఇక్కడే. వస్తువును లెక్కపెట్టగలమా అన్నది కాదు, ఆ మాట ముందు అంకె నిలుస్తుందా అన్నది చూడాలి. 'త్రీ కాయిన్స్' అంటారు, 'త్రీ మనీ' అనరు.

కాబట్టి ముందు 'టూ' పెట్టి చూడండి. 'టూ చెయిర్స్' కుదిరింది, అది కౌంటబుల్. 'టూ ఫర్నిచర్స్' కుదరదు. చెవికి తేలకపోతే లెర్నర్స్ డిక్షనరీ తెరవండి. చాలావాటిలో అర్థం దగ్గర 'సి' (కౌంటబుల్) అనో 'యు' (అన్‌కౌంటబుల్) అనో గుర్తు ఉంటుంది.

తప్పులు ఎక్కువగా తెలుగు అలవాటు వల్లే వస్తాయి. సలహాలు, వివరాలు, సామాన్లు అంటాం కదా, ఆ ఊపులో 'అడ్వైసెస్', 'ఇన్ఫర్మేషన్స్', 'లగేజెస్' అనేస్తాం. మూడూ తప్పే. ఎక్విప్‌మెంట్, హోంవర్క్, ట్రాఫిక్, ఎవిడెన్స్ కూడా ఈ జాబితాలోవే. క్రియ దగ్గర ఇంకో చిక్కు: తెలుగులో నీళ్ళు, పాలు ఎప్పుడూ బహువచనమే. 'నీళ్ళు చల్లగా ఉన్నాయి' అని మనసులో అనుకుని 'వాటర్ ఆర్ కోల్డ్' అని రాయకండి, 'ఈజ్' రావాలి. 'న్యూస్' చివర 'ఎస్' ఉన్నా అది ఏకవచనమే: 'ద న్యూస్ ఈజ్ గుడ్'.

'ఒక సలహా' అనాలంటే 'యాన్ అడ్వైస్' పనికిరాదు. 'సమ్ అడ్వైస్' చాలు. అంకె తప్పదంటే 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్'. 'ఎస్' పీస్‌కే అంటుకుంటుంది. ప్రతిసారీ 'పీస్ ఆఫ్' అంటే బరువుగా ఉంటుంది, దానికంటే లెక్కకు వచ్చే మాట వాడటం మేలు: అడ్వైస్‌కు బదులు సజెషన్, లగేజ్‌కు బదులు సూట్‌కేస్, ట్రాఫిక్‌కు బదులు వెహికల్.

కౌంటబుల్‌కు మెనీ, ఫ్యూ, నంబర్ ఆఫ్. అన్‌కౌంటబుల్‌కు మచ్, లిటిల్, అమౌంట్ ఆఫ్. సందేహం వస్తే 'ఎ లాట్ ఆఫ్' వాడేయండి, రెండింటికీ సరిపోతుంది. 'ఎ లిటిల్ టైమ్' అంటే కాస్త సమయం ఉందని. 'ఎ' తీసేస్తే దాదాపు లేదని.

కొన్ని మాటలు రెండు వైపులా ఉంటాయి. 'హెయిర్' చూడండి. జుట్టు అన్న అర్థంలో అన్‌కౌంటబుల్: 'హర్ హెయిర్ ఈజ్ లాంగ్'. వెంట్రుక అన్న అర్థంలో కౌంటబుల్: 'ఎ హెయిర్ ఇన్ ద సూప్'. 'హర్ హెయిర్స్ ఆర్ లాంగ్' అంటే వెంట్రుకలను ఒక్కొక్కటిగా కొలిచినట్టు వినిపిస్తుంది. 'పేపర్' కాగితమైతే లెక్కకు రాదు, దినపత్రికైతే వస్తుంది.

'వర్క్' దగ్గర మరీ జాగ్రత్త. 'ఈరోజు చాలా పనులున్నాయి' అనడానికి 'ఐ హావ్ మెనీ వర్క్స్' అంటే, రచయితో చిత్రకారుడో తన కృతుల గురించి చెప్పినట్టు ఉంటుంది. 'ఐ హావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్' అనండి. పనులు విడివిడిగా చెప్పాలంటే 'టాస్క్స్' ఉంది.