కాలేజీ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్: ఎక్కడ ఆగింది, ఎలా కదుపుకోవాలి

విశాఖపట్నం కంచరపాలెం పాలిటెక్నిక్‌లో ఈఏపీసెట్ (ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ వగైరా సీట్లకు రాసే ప్రవేశ పరీక్ష) హెల్ప్‌లైన్ సెంటర్ నడిచే రోజుల్లో మా నెట్ సెంటర్‌కి వచ్చేవాళ్లు ర్యాంకు గురించి అడిగేది తక్కువ. కాగితాల తంటాలే ఎక్కువ. ఏడాది చివర్లో ఫీజు దగ్గర బయటపడే తగువుకి విత్తనం చాలాసార్లు కౌన్సెలింగ్ నాడే పడి ఉంటుంది. తరచుగా వచ్చే ఫిర్యాదులు ఇవి.

"ర్యాంకు బాగానే ఉంది, సీటు రాలేదు"

ఆప్షన్లు ఎన్ని పెట్టారో ముందు చూడండి. కుర్రాడు ఫ్రెండ్స్ చెప్పిన నాలుగు కాలేజీలు, అన్నింట్లోనూ కంప్యూటర్ సైన్సే పెట్టి ఫ్రీజ్ కొట్టేస్తాడు, అంటే ఖరారు చేసేస్తాడు. మీరు ఆప్షన్ పెట్టని కాలేజీలో సీటు ఖాళీగా ఉన్నా సిస్టమ్ మీకివ్వదు. నిరుటి చివరి ర్యాంకుల పట్టిక తీసి, మీ కేటగిరీలో ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియన్ అంకెలు చూసుకోండి. 85 శాతం సీట్లు స్థానికులకే కాబట్టి మనకు లెక్కకొచ్చేవి అవే. తర్వాత మీకు ఇష్టమైన వరుసలో పెట్టండి. పైన పెద్ద కాలేజీ పెడితే కింది సీటు పోతుందన్న భయం వద్దు.

పోయేది రెండో విడతలో. "చూద్దాం, ఏమైనా వస్తుందేమో" అని మళ్లీ ఆప్షన్లు పెట్టి, కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే రద్దయిపోతుంది. చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగనుకున్నవే అప్పుడు పెట్టాలి.

"పోర్టల్‌లో అనర్హులు అని వస్తోంది"

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపుంటే చాలనుకుంటారు. దాంతోపాటు భూమి (మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాలు దాటకూడదు), ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగం, కారు, ఆదాయపు పన్ను, అన్నీ చూస్తారు. చూసేది మనిషి కాదు, రికార్డు.

ఒకాయన గాజువాక నుంచి వచ్చాడు. కూతురికి కన్వీనర్ సీటు (కౌన్సెలింగ్‌లో ఇచ్చేది) వచ్చింది, రీయింబర్స్‌మెంట్ రాలేదు. "కారా? నాకు సైకిలు కూడా లేదు బాబూ" అన్నాడు. స్క్రీన్ మీద బండి నంబరు చూపించాక కాసేపు మాట్లాడలేదు. ఎప్పుడో అమ్మేసిన పాత వ్యాన్ అది. కొన్నవాడు ఆర్‌సీ మార్పించుకోలేదు, ఈయన అడగలేదు. ఇలాంటప్పుడు ఫారం 29, 30 పెట్టి రవాణా శాఖలో పేరు మార్పించాలి. ఆ కాగితంతో మీ గ్రామ/వార్డు సచివాలయంలో గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టాలి. మనది ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ అయితే మినహాయింపు ఉంది, ఆ ఆర్‌సీ చూపిస్తే చాలు.

రెండో రకం ఇంకా విచిత్రం. ఎప్పుడో వేరుపడిన బాబాయి గవర్నమెంటు ఉద్యోగి, సర్వేలో మాత్రం ఇంకా మీ ఇంట్లోనే ఉంటాడు. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఎవరెవరు ఒకే కుటుంబమో చూపే రికార్డు) మీతో ఎవరెవరున్నారో సచివాలయంలో అడిగి తెలుసుకోండి. విడదీయించాల్సి ఉంటే అడ్మిషన్లకు ముందే మొదలుపెట్టండి. గ్రీవెన్స్ ఏదైనా సరే, నంబరు రాయించుకోకుండా ఇంటికి రావద్దు.

"పేరు మ్యాచ్ కావట్లేదు"

టెన్త్ మెమోలో ఇంటిపేరుతో సహా అప్పలరాజు, ఆధార్‌లో ఒట్టి రాజు. మెమోకి తగ్గట్టు ఆధార్ మార్పించుకోండి, మెమో జోలికి వెళ్లొద్దు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే కాబట్టి స్పెల్లింగు అక్షరం అక్షరం చూసుకుని ఇవ్వండి.

"డబ్బులు పడ్డాయట, మా అకౌంట్‌లో లేవు"

డబ్బు తల్లి ఖాతాకా, విద్యార్థికా, నేరుగా కాలేజీకా అన్నది ప్రభుత్వాలతో మారుతూ వచ్చింది. కాబట్టి ముందు మీ విడత ఎవరికి వేశారో కనుక్కోండి. ఆధార్ ద్వారా వేసి ఉంటే, మీరు రాసిచ్చిన పాస్‌బుక్కుకి కాదు, ఆధార్‌కి చివరగా సీడ్ అయిన (లింకయిన) ఖాతాకి వెళ్తుంది. ఎవరో సందులో టేబుల్ వేసుకుని తెరిపించిన జీరో అకౌంట్‌లో చూడండి, చాలాసార్లు అందులోనే ఉంటుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు కనిపిస్తుంది. మార్చాలంటే కావాల్సిన బ్యాంకుకే వెళ్లి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌ని ఆ ఖాతాకి ముడిపెట్టడం) చేయమనండి.

"మేనేజ్‌మెంట్ సీటుకీ రీయింబర్స్‌మెంట్ ఇప్పిస్తామన్నారు"

రాదు. స్పాట్ అడ్మిషన్‌కీ (మిగిలిపోయిన సీట్లు కాలేజీయే నింపుకునేది) రాదు. డీమ్డ్ యూనివర్సిటీలో సొంత పరీక్షతో చేరినా అంతే. కన్వీనర్ అలాట్‌మెంట్ ఆర్డర్ చేతిలో ఉందా లేదా, అంతే చూడండి. డబ్బు కట్టేశాక దీనికి మందు లేదు.

"వేరేచోట సీటొచ్చింది, సర్టిఫికెట్లు ఇవ్వట్లేదు"

ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) నిబంధనల ప్రకారం కాలేజీ ఒరిజినల్స్ తన దగ్గర పెట్టుకోకూడదు. గడువులోపు సీటు వదులుకుంటే గరిష్ఠంగా 1,000 రూపాయలు మినహాయించుకుని ఫీజు వెనక్కివ్వాలి. నోటిమాటగా అడిగితే తిప్పుతారు. రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వేయకపోతే అదే లెటరు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

"లోనుకి ఇల్లు తాకట్టు పెట్టమంటున్నారు"

ఏడున్నర లక్షల వరకు తాకట్టు, పూచీకత్తు లేకుండా ఇవ్వడానికి కేంద్రం హామీ పథకం ఉంది. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలలోపు ఉండి ప్రొఫెషనల్ కోర్సయితే చదువుకునే కాలానికీ, ఆ తర్వాత ఏడాదికీ వడ్డీ ప్రభుత్వమే కడుతుంది. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో ఎనిమిది లక్షల ఆదాయం వరకు, 10 లక్షల లోను దాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే మీ కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి. బ్రాంచి కౌంటర్ దగ్గర బతిమాలేకన్నా విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లికేషన్ పెట్టండి. కాదన్నా ఆ నంబరు మీదే, కారణంతో కాదనాలి. మా దగ్గరకొచ్చిన ఒకమ్మగారికి మూడుసార్లు నోటితో కుదరదన్న మేనేజర్, పోర్టల్‌లో అప్లికేషన్ కనబడగానే తనే ఫోన్ చేసి కోర్సు ఫీజుల కాగితం తెమ్మన్నాడు.