పెళ్లి ఉంగరం కొనేముందు

ముందు వేలి కొలత. దారం చుట్టి కొలవొద్దు, సాగుతుంది. షాపులో ఉండే కొలత రింగులతో, సాయంత్రం పూట చూసుకోండి. చలికి వేళ్లు సన్నబడతాయి, వేసవిలో ఉబ్బుతాయి. మే నెల నెల్లూరు ఎండల్లో ముహూర్తమైతే సంక్రాంతికి తీసుకున్న కొలతను నమ్మొద్దు. కణుపు దాటేటప్పుడు కాస్త పట్టాలి, దాటాక తేలిగ్గా తిరగాలి. వెడల్పు ఉంగరం అదే సైజులో కూడా బిగుతుగా ఉంటుంది. చుట్టూ రాళ్లు పొదిగినదాన్ని తర్వాత పెంచడం, తగ్గించడం చాలా కష్టం.

నెల్లూరు ఆచారి వీధి నగల కొట్లో తీసుకున్నా, పెద్ద షోరూంలో కొన్నా హాల్‌మార్క్ చూడండి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, బంగారం స్వచ్ఛత తెలిపే 22కే916 లాంటి ముద్ర, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే చెందిన గుర్తింపు నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ మూడూ ఉండాలి. నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడే కొట్టి చూడండి. మొహమాటపడితే నష్టం మనకే. 2 గ్రాముల లోపు వాటికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు.

బిల్లులో రాయి బరువు విడిగా రాయించుకోండి. 5 గ్రాముల ఉంగరంలో 1 క్యారెట్ రాయి ఉంటే 200 మిల్లీగ్రాములు పోను, 4.8 గ్రాములకే బంగారం రేటు. తరుగు 12 శాతమంటే దానిమీద మరో 576 మిల్లీగ్రాముల ధర. పైన జీఎస్టీ 3 శాతం.

పట్టుకొంగును రాయి మీదుగా మెల్లగా లాగండి. పోగు తగులుకుంటే రాయిని పట్టిన కొనలు సరిగా వంగలేదన్నమాట, అప్పుడే సరిచేయించండి.

బిందెలో ఉంగరం తీసే ఆటకు ముత్యం ఉన్నది వేయొద్దు, పసుపునీళ్లకు మచ్చపడుతుంది. సాదా ఉంగరం చాలు.