మా ఆవిడ ఊళ్లో పెళ్లికి వెళ్లేటప్పుడు

శుభలేఖ చేతికి రాగానే టికెట్లు బుక్ చేయకండి. ముందు ముహూర్తం ఉన్న లైను వేలు పెట్టి రెండుసార్లు చదవండి. "ఆదివారం రాత్రి 1.42 గంటలకు, తెల్లవారితే సోమవారం" అని ఉంటుంది. పంచాంగం లెక్కలో సూర్యోదయమైతేనే వారం మారుతుంది. ఫోన్ క్యాలెండర్‌లో మాత్రం అర్ధరాత్రికే సోమవారం వచ్చేస్తుంది.

మాది కరీంనగర్, మా ఆవిడది అమలాపురం. మూడేళ్ల కిందట ఆమె చిన్ననాటి స్నేహితురాలి పెళ్లికి నేను "ఆదివారం" అన్న మాట ఒక్కటే చూసి, ఆ రాత్రి తొమ్మిదింటి బస్సుకే తిరుగు టికెట్లు తీశాను. మేం బయల్దేరేటప్పటికి పెళ్లికూతురు ఇంకా గౌరీపూజకు కూడా కూర్చోలేదు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అన్నీ మా ఆవిడ మర్నాడు ఫోన్‌లో చూసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా బాధ. పోయిన వైశాఖంలో ఇంకో స్నేహితురాలి పెళ్లి కుదరగానే, ముందు సోమవారం సెలవు పెట్టి తర్వాతే టికెట్లు చూశాను.

అమలాపురానికి రైలు లేదు. శుక్రవారం రాత్రి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారుజామున రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో వెళ్లాలి. దాదాపు రెండు గంటలు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, పెళ్లిళ్ల సీజన్‌లో ఆ రోజే చేసుకోవడం మంచిది. వచ్చేటప్పుడు మాత్రం నేరుగా హైదరాబాద్ బస్సే నయం. నిద్ర లేని ఒళ్లు, పైగా అత్తయ్య గారు కట్టిచ్చిన కొబ్బరికాయలు. వాటితో రాజమండ్రిలో మారడం కష్టం. వెళ్లేటప్పుడే ఒక సంచి ఖాళీగా పట్టుకెళ్లండి.

రైల్లోనే వరసలు అడిగి తెలుసుకోండి. పెళ్లికూతురి అమ్మగారిని మా ఆవిడ "పిన్ని" అంటుంది, కాబట్టి నాకు అత్తయ్య గారు. వాళ్లాయన మావయ్య గారు. మా వైపు అత్తమ్మ, మామ అంటే సరిపోతుంది. అక్కడ "గారు" ఉండాలి, మాటమాటకీ "అండి" ఉండాలి. మొదట్లో నాకు అది దూరం పెట్టినట్టు అనిపించేది. కాదు, అది వాళ్ల ఆప్యాయత. "ఆయ్, రండి అల్లుడు గారూ" అని కుర్చీ వేసినప్పుడు వాళ్ల మొహం చూస్తే తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి. అల్లుడు వచ్చాడంటే ఇల్లంతా అతని చుట్టూ తిరుగుతుంది. మీ ఆవిడను కూడా అలా తిరగనిచ్చారా, ఆమె వచ్చిన పని కాదు. శనివారం టిఫిన్ అవగానే ఆమెను పెళ్లివారింట్లో దింపి వెనక్కి వచ్చేయండి. మధ్యలో "ఎప్పుడొస్తావు" అని ఫోన్ చేయకండి. ఈసారి నేను మా మావయ్య గారితో మార్కెట్‌కు వెళ్లి పనసపొట్టు కొట్టించుకొచ్చాను. అమ్మే ఆయన చేతులకు నూనె రాసుకుని, కాయ చెక్కు తీసి, పెద్ద కత్తితో టకటకా కొడుతుంటే పొట్టు సన్నగా రాలింది. ఆ జిగురు ఒకసారి చేతికంటితే సబ్బుకు కూడా పోదు. మధ్యాహ్నం ఆవ పెట్టిన కూర, వేడి బూరెకు చిల్లు పెట్టి అందులో పోసిన నెయ్యి. మా వైపు వాటినే పూర్ణాలంటాం, ఇలా నెయ్యి నింపుకుని తినడం నాకు అక్కడే అలవాటైంది.

చదివింపుల విషయం మీ ఆవిడ అమ్మగారిని అడగండి. మీ పెళ్లికి ఆ పెళ్లివారెంత చదివించారో ఆవిడ దగ్గర పుస్తకంలో ఉంటుంది. దానికి తగ్గకుండా ఇవ్వాలి. మేం 1,116 ఇచ్చాం. పేరు రాసే పెద్దాయనకు మీ పేరు చెప్పకండి. ఆమె పేరు, పుట్టింటి ఇంటిపేరు, వాళ్ల నాన్నగారి పేరు చెప్పండి. రేపు ఆ పుస్తకం తీసి చూసుకునేవాళ్లకు తెలిసింది ఆ పేర్లే.

ఆదివారం రాత్రి తొమ్మిదికల్లా పడుకుని పన్నెండుకు అలారం పెట్టుకోండి. వైశాఖం ఉక్కకు పట్టు చొక్కా వద్దు, నూలు పంచె, నూలు చొక్కా చాలు. ఆమె హ్యాండ్‌బ్యాగు, ఫోను మీరు పట్టుకుని వెనక వరసలో కూర్చోండి. మా ఆవిడ పెళ్లికూతురి పక్కన తలంబ్రాల పళ్లెం పట్టుకుని నిలబడింది. బియ్యం ఎగిరి వచ్చి ఆమె జడలో చిక్కుకుంటే తీసుకోను కూడా తీసుకోలేదు. తెల్లారి అప్పగింతల్లో ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. అప్పుడు దగ్గరికెళ్లి "ఇక వెళ్దామా" అనకండి. ఆమె తనంతట తాను మీ వైపు చూసేదాకా ఆగండి.

ఇంటికొచ్చాక సాయంత్రం బస్సు వేళ దాకా ఆమెను నిద్రలేపకండి. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి ఉంటే, సర్దేటప్పుడు కొబ్బరికాయల కింద పెట్టకుండా విడిగా చేత్తో పట్టుకోండి.