హైట్యాక్ కమిటీలో మెంబర్‌గా అప్లై చేయడం ఎలా? పేషెంట్ల తరఫువాళ్ళకీ సీట్లున్నాయి

అమెరికాలో ఒక హాస్పిటల్లో ఉన్న మన రిపోర్టులు ఇంకో హాస్పిటల్‌కి ఎలా వెళ్ళాలి, మధ్యలో ఎవరి చేతిలోనూ పడకుండా ఎలా చూడాలి, పేషెంట్ అడిగితే ఎలా ఇవ్వాలి, ఇలాంటి వాటి మీద ఫెడరల్ గవర్నమెంట్‌కి సలహాలిచ్చే కమిటీ ఒకటుంది. హెల్త్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అడ్వైజరీ కమిటీ, షార్ట్‌గా హైట్యాక్. 2016 డిసెంబర్‌లో వచ్చిన 21వ సెంచరీ క్యూర్స్ యాక్ట్ కింద పెట్టారు.

ఇదంతా పెద్ద డాక్టర్లకీ సాఫ్ట్‌వేర్ కంపెనీలకీ సంబంధించిన వ్యవహారం, మనకెందుకులే అనుకుంటారు చాలామంది, అది కరెక్ట్ కాదు. కమిటీలో కనీసం 25 మంది ఉండాలి, అందులో కనీసం ఇద్దరు పేషెంట్ల తరఫునో వినియోగదారుల తరఫునో మాట్లాడేవాళ్ళే అయ్యుండాలి అని చట్టంలోనే రాసుంది. డాక్టర్లు, ఇన్సూరెన్స్ వాళ్ళు, రీసెర్చర్లు, ప్రైవసీ, సెక్యూరిటీ తెలిసినవాళ్ళు, అందరూ కలిసుండాలని కూడా ఉంది. హాస్పిటల్ ఐటీలోనో నర్సింగ్‌లోనో ఉన్న మనవాళ్ళు దీన్ని సీరియస్‌గా తీసుకోవాలని నా కోరిక.

మెంబర్లని ఎంచేది ఒక్కరు కాదు. ముగ్గుర్ని హెల్త్ సెక్రటరీ వేస్తారు, అమెరికా పార్లమెంటు రెండు సభల్లో, అంటే సెనేట్‌లో, హౌస్‌లో, రెండు పార్టీల లీడర్లు తలా ఇద్దర్ని, మిగతావాళ్ళని గవర్నమెంట్ ఖర్చుల్ని, పనుల్ని ఆడిట్ చేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్, అంటే జీఏఓ, హెడ్ వేస్తారు. మామూలు జనం అప్లై చేసుకునే దారి ఈ జీఏఓదే. ఖాళీలు వచ్చినప్పుడు నామినేషన్లు పంపమని ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే అక్కడి గవర్నమెంట్ గెజిట్‌లో, నోటీసు వేస్తారు, చివరి తేదీ, పంపాల్సిన ఈమెయిల్ అడ్రస్ అందులోనే ఉంటాయి కాబట్టి ఎక్కడో పాత పేజీలో చూసిన అడ్రస్‌కి పంపకండి, ఆ సంవత్సరం నోటీసు చూసే పంపండి. ఫెడరల్ రిజిస్టర్ సైట్‌లో ఈమెయిల్ అలర్ట్ పెట్టుకుంటే రోజూ వెతుక్కునే పని ఉండదు.

అడిగేది రెండే, నామినేషన్ లెటర్, రెజ్యుమే. అసలు కష్టపడాల్సింది లెటర్ దగ్గరే. "ఆరోగ్య రంగంలో పదేళ్ళ అనుభవం ఉంది, సేవ చేయాలని ఆసక్తి" అని రాస్తే చదివినవాళ్ళకి ఏం అర్థమవుతుంది చెప్పండి. దానికన్నా "మా క్లినిక్ నుంచి స్పెషలిస్ట్‌కి రిపోర్టులు ఇంకా ఫ్యాక్స్‌లోనే వెళ్తున్నాయి, అలర్జీ లిస్టు మాత్రం విడిగా ఫోన్ చేసి చెప్పాల్సి వస్తోంది, పెన్సిలిన్ పడదన్న సంగతి పేషెంటే గుర్తుపెట్టుకుని చెప్పాలి" అని మీరు కళ్ళారా చూసింది రాసి, దాన్ని సరిచేయడానికి మీరేం చేశారో చెప్పండి. పేషెంట్ పేరు, వివరాలు మాత్రం ఒక్క ముక్క కూడా రాయొద్దు, ప్రైవసీ కాపాడే కమిటీకి అప్లై చేస్తూ ఆ పని చేస్తే ఎలా. మీరు ఏ వర్గం తరఫున, అంటే పేషెంటా, నర్సా, టెక్నికల్ మనిషా అన్నది మొదటి పేరాలోనే తేల్చేయండి, బ్యాలెన్స్ చూసి ఎంచుతారు కాబట్టి. రెజ్యుమేలో దీనికి సంబంధించినవి పైకి తెచ్చి మిగతావి తగ్గించండి. పంపాక అందిందని జవాబు రాకపోతే నోటీసులో ఉన్న కాంటాక్ట్‌ని అడగండి.

సెలెక్ట్ అయితే టర్మ్ మూడేళ్ళు. ఇందులో మీటింగులే కాదు, ముందే చదువుకుని రావాల్సిన డాక్యుమెంట్లు కూడా బోలెడు ఉంటాయి, మీ ఆఫీసులో ముందే మాట్లాడుకుని ఉండటం మంచిది.

అంత టైమ్ లేనివాళ్ళకి ఇంకో దారుంది. హైట్యాక్ మీటింగులు పబ్లిక్‌కి ఓపెన్, ఆన్‌లైన్లో చూడొచ్చు, జనం మాట్లాడటానికి అజెండాలో టైమ్ కూడా పెడతారు. ఇచ్చేది కొన్ని నిమిషాలే కాబట్టి ఒక్క సమస్యే పట్టుకుని, రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని మాట్లాడండి, నోటితో చెప్పలేకపోతే రాసి పంపండి.