ఒడియా పుట్టిల్లు, తెలుగు మెట్టినిల్లు: పిల్లకి రెండూ అందాలంటే

నాది ఒడిశాలోని బరంపురం, మెట్టింది ఆంధ్రాలోని ఇచ్ఛాపురం. 1936లో ఒడిశా వేరుపడ్డాక మధ్యలో గీత పడింది గానీ, పెళ్ళిళ్ళు ఆగలేదు. మాలాంటి ఇళ్ళవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు భాష. ఒక్కో మనిషి ఒక్కో భాషకి కట్టుబడాలి. నేను పాపతో ఒడియానే మాట్లాడతాను. వాళ్ళ నాన్న, నానమ్మ తెలుగు. మొదట్లో పిల్లలు రెండూ కలిపేస్తారు, టెన్షన్ పడకండి. చుట్టాల ముందు "ఏదీ, ఒడియాలో చెప్పు" అని మాత్రం ఎవర్నీ అడగనివ్వద్దు. సిగ్గుపడి ఆ భాషే మానేస్తారు. ఈ విషయంలో నేను ఎవరి మొహమాటానికీ లొంగను.

పండగల్లో ఏది వదలాలన్న లెక్క వద్దు. ఉగాది అత్తయ్యగారి పద్ధతిలో చేస్తాం. జూన్ మధ్యలో వచ్చే ఒడియావాళ్ళ రజ పండగ నా పద్ధతిలో: ఉయ్యాల, పొడొపిఠా (కాల్చి చేసే బియ్యప్పిండి తీపి వంటకం). మార్గశిర గురువారాల లక్ష్మీపూజ రెండు వైపులా ఉంది కాబట్టి ఆ రోజుల్లో మీ అమ్మని పిలిపించండి. అత్తయ్యగారు ముగ్గు వేస్తే, అమ్మ బియ్యప్పిండితో ఝోటి (ఒడియా ముగ్గు) వేస్తుంది. పిల్లని ఇద్దరి మధ్యా కూర్చోబెట్టండి, పిండి చేతికివ్వండి.

తెలుగు బడిలో వేస్తే ఒడియా అక్షరాలు ఇంట్లోనే నేర్పాలి. తెలుగు చదవడం కుదురుకున్నాక, వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో మొదలుపెట్టండి.