గాలివాన రాత్రి దేవుణ్ని నమ్ముకోవడం ఎలా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తుఫాను అనగానే అందరి నోటా వచ్చే మాట తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, దసరా నవరాత్రుల్లో, అది పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అంతకు ముందే 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్లాయి. నిత్యం దీపం పెట్టే ఇళ్ల కప్పులు కూడా లేచిపోయాయి. "ఇంత కొలిచినా మాకెందుకిలా?" అనే ప్రశ్న అలాంటి ఇంట్లోనే పుడుతుంది. ఆ ప్రశ్న ఉన్నా నమ్మకం నిలుస్తుంది. కాకపోతే గాలి మొదలయ్యాక కొత్తగా నేర్చుకోలేం, ముందే అలవాటు చేసుకోవాలి.

మొదట ఒక్క ఊపిరిలో అయిపోయే చిన్న మాట ఎంచుకోండి. "ఓం ఆదిత్యాయ నమః" కావచ్చు, "అమ్మా పైడితల్లీ, కాపాడు" కావచ్చు, "ప్రభువా, తోడుండు" కావచ్చు. రోజూ దీపాల వేళ పిల్లలతో కలిసి పదిసార్లు అనండి. ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, వదిలేటప్పుడు ఆ మాటను సాగదీస్తూ పైకి అనాలి. పీల్చిన దానికన్నా వదిలేది ఎక్కువసేపు సాగితే గుండెదడ తగ్గుతుంది. పెద్ద స్తోత్రాలు ఆ రాత్రికి పనికిరావు. భయంలో ఊపిరి పొట్టిదైపోయి మధ్యలో మరిచిపోతాం, అపచారం జరిగిందేమో అని ఇంకో భయం పట్టుకుంటుంది.

తుఫాను షెల్టరుకు వెళ్లమని దండోరా వేస్తే వెళ్లిపోవాలి. "అమ్మవారు చూసుకుంటుంది" అని పూరింట్లో ఉండిపోవడమే అన్నింటికన్నా పెద్ద తప్పు. గజేంద్రుడు మొసలితో ఒంట్లో సత్తువ ఉన్నంతవరకు పెనుగులాడి, ఆ తర్వాతే మొరపెట్టాడు. మన చేతిలోని పనులు కొన్నే: పశువుల పలుపులు విప్పేయడం, ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌పుస్తకం పాలిథీన్ కవరులో చుట్టడం. అరచేతిలో పట్టే దేవుడి పటం ఒకటి అందులోనే పెట్టుకోండి. అద్దం ఉన్న పెద్ద పటాలు గోడ మీద ఉంచొద్దు, దించి పాత చీరలో చుట్టి అటక మీద పెట్టండి.

ఇక దీపం. కదిలే ముందు దాన్ని కొండెక్కించాలి, అది నవరాత్రుల అఖండ దీపమైనా సరే. చాలామంది ఆడవాళ్లకు చెయ్యి రాదు, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. పూరింట్లో, ఆ గాలికి, ఒక్క వత్తి చాలు కొంప అంటుకోవడానికి. "అమ్మా, తిరిగొచ్చి వెలిగిస్తాను" అని చెప్పి, పువ్వుతో వత్తిని నూనెలోకి అదిమేయండి. తిరిగొచ్చాక ఇల్లు కడిగి ముందుగా చేసే పని అదే కావాలి.

షెల్టరులో భజన అరగంట చాలు. పసిపిల్లలుంటారు, పక్కన చర్చికో మసీదుకో వెళ్లే కుటుంబాలుంటాయి. వాళ్లకూ ప్రార్థనకు వేళ ఇవ్వండి. ఒక్కోసారి నడిరాత్రి గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. దేవుడు మొర విన్నాడనుకుని తోట చూడ్డానికో గుడి చూడ్డానికో పరుగెత్తుతారు. మన మీదుగా వెళ్తున్నది తుఫాను కన్ను అయితే కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. అధికారులు చెప్పేదాకా గడప దాటకండి, ఆ నిశ్శబ్దంలో మీ చిన్న మాట అనుకుంటూ కూర్చోండి.

తెల్లారాకే అసలు కష్టం. ఇల్లు పోయినామె దగ్గరికెళ్లి "పాపం పండింది", "కర్మ" అనొద్దు. ఆ మాటతో ఆమెకు దేవుడూ దూరమవుతాడు, మీరూ దూరమవుతారు. తుఫాను బంగాళాఖాతం వేడి నీటి మీద పుడుతుంది, ఏ ఇంటి పాపం మీదా కాదు. పక్కన కూర్చుని "ఏటైనా తిన్నావా పిన్నీ?" అని అడగండి. కాచి చల్లార్చిన నీళ్లు, గుప్పెడు అటుకులు చేతిలో పెట్టండి. ఆమె దేవుణ్ని తిట్టినా వారించొద్దు. గజేంద్రుడు కూడా ఉన్నాడో లేడో అని అనుమానపడుతూనే పిలిచాడు. ఇంట్లో చావు జరిగి మైల ఉంటే పూజ ఆగుతుంది గానీ మనసులో నామం తలచుకోవడానికి అడ్డు లేదు. రెండు వారాలు దాటినా నిద్ర లేక, తిండి సయించక, "నేనెందుకు బతికాను" అంటుంటే ప్రార్థనతో సరిపెట్టొద్దు, మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితమే, తెలుగులోనే మాట్లాడతారు.

ఏటా అక్టోబరు మొదట్లో అరసవల్లి సూర్యదేవుడి గుడిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు పట్టిన ఏడాది కిరణం కనబడదు, అర్చన మాత్రం ఆగదు. మీ ఇంట్లోనూ అంతే, ఏమీ తోచని రోజుల్లోనూ సాయంత్రం వేళకు ఆ చిన్న మాట పదిసార్లు అనండి.

మొక్కుల దగ్గర జాగ్రత్త. భయంలో వేటపోతులు, నిలువుదోపిడీ మొక్కేసి తర్వాత అప్పుచేసి తీర్చేవాళ్లున్నారు. తీర్చగలిగిందే మొక్కండి. తోట పోయినవాళ్లకు మా మాట ఇది: మూడడుగుల లోతు, అంతే వెడల్పు గొయ్యి తీసి ఒక కొబ్బరి మొక్క నాటండి. నాటు రకం కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. నాటిన తేదీ పూజగది గోడ మీద పసుపుతో రాసి, మొదటి గెల అమ్మవారికి అనుకోండి.